శశిరేఖ బుగ్గల్లో ఘటోత్కచుడు

‘మాయాబజార్’ (1957) ప్రస్తావన వస్తే మన ఇళ్ళల్లో అందరూ ముందు మెచ్చుకునేది సావిత్రి కళ్ళను. కళ్ళు గొప్పవే, కాదనం. కాని శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుణ్ణి మనకు పట్టి ఇచ్చింది ఆమె బుగ్గలూ, కనుబొమలూ అని మా అభిప్రాయం.

మన సభ్యుల్లో డాక్టర్లకు కొదవ లేదు. వారికి తెలిసిన సంగతే మిగతావారికి చెబుతున్నాము. చేతి కండరం ఎముకను కదిలిస్తుంది. ముఖంలోని కండరాలు చాలామటుకు ఒక కొసన చర్మానికే అతుక్కుని ఉంటాయి కనుక, అవి బిగిస్తే చర్మమే కదులుతుంది. నుదుటి కండరం బిగిస్తే అడ్డగీతలు, కనుబొమలను దగ్గరకు లాగేది బిగిస్తే నిలువుగీతలు. చెంప ఎముక నుంచి పెదవి కొసకు దిగేది లాగితే బుగ్గ పైకి ఉబ్బి, ముక్కు పక్క మడత లోతవుతుంది. డ్యూషేన్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ కండరాలను విద్యుత్తుతో కదిలించి చూసి, మనసారా వచ్చే నవ్వులో కంటి చుట్టూ ఉన్న కండరం కూడా బిగుస్తుందనీ, అది మన ఆజ్ఞకు లొంగదనీ 1862లో రాశాడు.

సావిత్రిది నిండు ముఖం. సన్నని ముఖాన గీతగా పడే కదలిక నిండు బుగ్గ మీద నీడగా తేలుతుంది. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీల గొంతు ఆగి ఘంటసాల గొంతు వచ్చే చోట చూడండి. సిగ్గుతో మెత్తబడి ఉన్న ముఖం గట్టిపడి, ఎస్వీ రంగారావు గారి దర్పం వచ్చి కూర్చుంటుంది. ఆడగొంతు తిరిగి రాగానే ఆ బిగువు సడలి మళ్ళీ పెళ్ళికూతురు. మార్కస్ బార్ట్లే పట్టిన ఆ నీడలు 2010 నాటి రంగుల ప్రతిలో పలచబడ్డాయి. పిల్లలకు చూపదలచినవారు నలుపు తెలుపుల ప్రతినే చూపండి.

పిల్లలంటే గుర్తొచ్చింది. మన ఉగాది వేదిక మీద భామాకలాపం దరువు చూశాము. అడుగులు శుద్ధంగా ఉన్నాయి, తాళం తప్పలేదు. కాని సత్యభామ గర్వానికీ, విరహానికీ ఒకటే నవ్వు. పెదవులే నవ్వాయి, కళ్ళు నవ్వలేదు. తప్పు ఆ అమ్మాయిది కాదు. దరువులోని తెలుగు మాటలు ఆమెకు ఎవరూ విప్పి చెప్పలేదు. పైగా తెర పక్కనుంచి “నవ్వు, నవ్వు” అని పెద్దల సైగలు! నాట్యశాస్త్రం కనుబొమలకు ఏడు, బుగ్గలకు ఆరు కదలికలు చెప్పింది. వేదాంతం సత్యనారాయణశర్మ గారు మగవారై ఉండి సత్యభామ అనిపించుకున్నారంటే, అది చీరా జడా చేసిన పని కాదు.

ఇక్కడి గురువులను మేము కోరేది ఒకటే. ప్రతి క్లాసులో ఒక పావుగంట అడుగులు ఆపించి, మాటకు అర్థం చెప్పి, అద్దం ముందు ముఖం మాత్రమే నేర్పండి. ఆ పావుగంటా తల్లిదండ్రులు గది బయట ఉంటే మరీ మంచిది.