గనిలోని తల్లి — 'స్టార్ ట్రెక్' చూడదలచినవారికి

విజ్ఞాన కాల్పనిక గాథలనిన మనవారిలో పెక్కుమందికి చిన్నచూపు కలదు. ఆకాశమున ఎగురు ఓడలును, వింత దేహముల జీవులును, కిరణాయుధములును పిల్లల వేడుకకే గాని పెద్దల విచారణకు తగినవి కావని వారి తలంపు. కకుద్మి మహారాజు తన కుమార్తెయైన రేవతిని వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయి, అచ్చటి గానము విని తిరిగి వచ్చునప్పటికి భూలోకమున యుగములు గడచిపోయెనన్న కథను తరతరములుగా చెప్పుకొనిన జాతికి ఈ చిన్నచూపు తగదు. అయినను దోషమంతయు మనవారిదే యనుటకును వీలు లేదు. ఇట్టి గాథలను మెచ్చుకొనువారు క్రొత్తవారికి వానిని పరిచయము చేయు పద్ధతియే సరిగా లేదు. ఒకటవ సంఖ్యతో ఆరంభించి వరుసగా చూడుడని చెప్పుదురు. చూచువాడు మూడవనాటికే విసిగి లేచిపోవును. 'స్టార్ ట్రెక్' విషయమున ఇది మరింత నిజము.

ఈ ధారావాహికను అమెరికా దేశమున ఎన్.బి.సి. అను టెలివిజను సంస్థ 1966 సెప్టెంబరు 8వ తేదీన ప్రసారము చేయ నారంభించెను. దీని సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ. మూడు ప్రసార సంవత్సరములలో 79 భాగములు వెలువడి, 1969 జూన్ 3వ తేదీన ముగిసెను. అటుపిమ్మట ఏడు వారములు నిండకమునుపే, జూలై 20వ తేదీన, మానవుడు నిజముగానే చంద్రునిపై కాలు మోపెను! పిదప ఇదే పేరుతో అనేక ధారావాహికలును, చలనచిత్రములును వచ్చినవి. నేనిచట ప్రస్తావించునది మొదటిదానిని మాత్రమే. మన దేశమున 1980వ దశకములో దూరదర్శనము దీనిని ఆదివారము ఉదయములందు చూపియుండుటచేత నడివయసు దాటినవారికి కొందరికి ఇది బొత్తిగా క్రొత్త కాదు.

కథాసామగ్రి క్లుప్తముగా చెప్పవచ్చును. ఇరువదిమూడవ శతాబ్దమున 'ఎంటర్‌ప్రైజ్' అను ఓడ నక్షత్రముల నడుమ సంచరించుచుండును. నాయకుడు కిర్క్, ఆ పాత్రధారి విలియం షాట్నర్. వైద్యుడు మకాయ్, ధరించినవాడు డిఫారెస్ట్ కెల్లీ. ఇక స్పాక్ అనువాడు, లియొనార్డ్ నిమాయ్ ధరించిన పాత్ర, ఈ ధారావాహికకు ప్రాణము. ఆతని తండ్రి వల్కన్ గ్రహవాసి, తల్లి భూలోకవాసి. తండ్రివైపు వారు ఉద్వేగమును జయించి తర్కమునే నమ్మినవారు. ఓడలోనివారు ఆతనిని పరాయివానిగా చూతురు. తండ్రి దేశమువారు ఆతని తల్లిరక్తమును మరువరు. ఇంట తెలుగును, వీధిలో మరాఠీని, బడిలో ఇంగ్లీషును మాటలాడుచు పెరిగిన మన పిల్లలకు స్పాక్ ఎట్టివాడో వివరించి చెప్పనక్కరలేదు.

క్రొత్తవారికి నా సలహా యిది. మొదటి సంవత్సరపు భాగములలో, 1967 మార్చి 9వ తేదీన ప్రసారమైన 'ది డెవిల్ ఇన్ ది డార్క్' అనుదానితో ఆరంభింపుడు. 'చీకటిలోని పిశాచము' అని తెలుగున చెప్పుకొనవచ్చును. రచన జీన్ ఎల్. కూన్, దర్శకత్వము జోసెఫ్ పెవ్నీ. మొత్తము ఏబది నిమిషముల వ్యవహారము. చంద్రపూరు తెలుగు కుటుంబములకు ఇంతకంటె దగ్గరి కథ ఆ 79 భాగములలో మరియొకటి లేదు. ఏలయన ఇది గనుల కథ.

ఒక దూరగ్రహమున నేలలోతున గని కలదు. అచ్చటి ఖనిజముపై అనేక గ్రహముల జీవనము ఆధారపడియున్నది. ఆ గనిలో ఏదియో ప్రాణి తిరుగుచు పనివారిని చంపుచున్నది. ఏబదిమందికి పైగా మరణించిరి. చచ్చినవారి శరీరములు ఆమ్లముతో కాలిపోయినవి. రాతిలోనికి చొచ్చుకొని, మనము గాలిలో నడచినంత సులభముగా అది నడచిపోవును. గని అధికారి ఓడవారిని పిలిపించి, దానిని చంపి తమ పని తమకు జరుగునట్లు చేయుడని కోరును. ఆ అధికారి బల్లమీద అలంకారముగా ఒక గుండ్రని రాతి ముద్ద యుండును. క్రొత్తగా త్రవ్విన అంతస్తులో అట్టివి వేలకొలది దొరకినవనియు, అవి ఎందుకును కొరగావనియు ఆతడు చెప్పును. పనివారు త్రోవకడ్డమైన వానిని పగులగొట్టి పారవేసిరి. స్పాక్ కన్నులు మాత్రము ఆ ముద్దను విడువవు. చదువరులలో చురుకైనవారికి ఇప్పటికే తెలిసియుండును: అవి గ్రుడ్లు. వానిని కాచుచున్న తల్లియే ఆ 'పిశాచము'. దాని జాతి పేరు హోర్టా. ఏబదివేల సంవత్సరముల కొకమారు ఆ జాతియంతయు నశించి, రాబోవు తరమును కాచుటకు ఒక్కతె మాత్రము మిగులును.

కథ తెలిసినచో రుచి చెడునని కొందరనవచ్చును. ఈ భాగము విషయమున నేనట్లు తలంపను. దీని బలము రహస్యమున లేదు, మనుష్యులు మనసు మార్చుకొను తీరున నున్నది. మొదట ఆ ప్రాణిని చంపుటయే కర్తవ్యమని కిర్క్ పట్టుపట్టును. పట్టి పరిశీలింపవచ్చును గదా యని స్పాక్ సంశయించును. తరువాత రాళ్లు కూలి కిర్క్ ఒంటరిగా ఆ ప్రాణి యెదుట చిక్కువడును. చేత ఆయుధమున్నది. అది మీద బడదు. తన దేహమున తగిలిన గాయమును చూపుచు నిలిచియుండును. ఈ సమయమున చంపుమని సందేశ యంత్రమున తొందరపెట్టువాడు స్పాక్, వలదనువాడు కిర్క్! మిత్రుని ప్రాణము మీదికి వచ్చినపుడు తర్కవాదికి సిద్ధాంతము నిలువలేదు. కంటి యెదుట గాయమును చూచినపుడు ఆజ్ఞాపించువానికి ఆయుధము పైకి లేవలేదు. ఉపన్యాసము లేకుండ ఇద్దరి స్వభావములను ఇట్లు తారుమారు చేసి చూపుట మంచి నాటకకర్త చేయు పని.

పిదప స్పాక్ తన మనస్సును ఆ ప్రాణి మనస్సుతో కలుపును. ఆతనికి మొదట అందునది ఆలోచన కాదు, బాధ. అనంతరము ఆ ప్రాణి రాతిపై మూడు మాటలు కాల్చి వ్రాయును. వాని అర్థము 'నేను చంపను' అనియో, 'నన్ను చంపకుడు' అనియో తేలదు. అపరిచితుల మధ్య మొదటి సంభాషణ ఎల్లప్పుడు ఇట్లే యుండునేమో! ఈ భాగము చిత్రించుచున్న దినములలోనే షాట్నర్ తండ్రి మరణించెను. అయినను, ఈ భాగమే తన కత్యంత ప్రియమైనదని ఆయన చెప్పియున్నాడు.

లోపములు లేవా? కలవు. మన పెద్దలలో బొగ్గు బావులలో పనిచేసినవారు దీనిని చూచినచో ముందుగా నవ్వుదురు. గని నేల భోజనపు బల్లవలె చదును. పైకప్పును నిలుపు దుంగ ఒక్కటియు కానరాదు. పనివారి బట్టలకు మసి లేదు. హోర్టా యనునది యానోష్ ప్రోహస్కా అను సాహస నటుడు తానే తయారుచేసి, తానే లోపల దూరి ప్రాకిన వేషము. నేటి కన్నులకు అది మాడిన అట్టును కప్పిన తివాసివలె తోచును. వైద్యుడు ఆ రాతి ప్రాణి గాయమునకు కట్టడపు కాంక్రీటుతో మెత్తువేయును. సిమెంటు కార్ఖానాల జిల్లాలో నివసించు మనకు ఇది వినోదముగనే యుండును. ఈ లోపములను నేను లెక్కింపను. వీథినాటకమున రాజు కిరీటము అట్టముక్కయని తెలిసియు మనము కంటతడి పెట్టలేదా?

నేను లెక్కించు లోపము వేరొకటి కలదు. దానిని చెప్పుటకు మన ఊరిని గూర్చి కొంచెము చెప్పవలెను.

కాజీపేట–బల్లార్షా రైలుమార్గము వెంబడి వచ్చి ఇచ్చట స్థిరపడిన మన కుటుంబములలో అనేకములు బొగ్గును నమ్మియే వచ్చినవి. ఊరికి ఒకవైపు గనులు, దుర్గాపూరువద్ద విద్యుత్కేంద్రము. వానిని ఆనుకొని యడవి. ఆ యడవికి ఆవల తాడోబా. పులి గని ప్రాంతమునకు వచ్చుట మనకు వార్తాపత్రికలో చదువు వింత గాదు. రాత్రి పనినుండి ఇంటికి వచ్చువానికొరకు ఆడువారు మేలుకొని యుండుటయు మన మెరిగినదే. పొరుగున యవత్మాళ్ జిల్లాలో పదముగ్గురి మరణమునకు కారణమని చెప్పబడిన ఆడుపులిని 2018 నవంబరు 2వ తేదీన కాల్చి చంపిరి. దానికి రెండు కూనలు కలవు. దేశమంతట గొప్ప వాదము చెలరేగినది. నగరములలోనివారు పులి పక్షమును, గ్రామములలోనివారు మృతుల పక్షమును వహించిరి. ఎవరి దుఃఖము వారికి సత్యమే.

ఈ వాదమును మనసున నుంచుకొని చీకటిలోని పిశాచమును చూచినచో దాని గొప్పయు, దాని చులకనయు ఒకేసారి తెలియును. గొప్ప యేమనగా, చచ్చిన పనివారిని కథ మరువదు. వారి స్నేహితులు కఱ్ఱలు పట్టుకొని పగ తీర్చుకొన వచ్చినపుడు రచయిత వారిని దుష్టులుగా చిత్రింపలేదు. తాము పగులగొట్టినవి బిడ్డలని విన్నప్పుడు వారి ముఖములు మారుటను చూపెను. చులకన యేమనగా, కథకు స్పాక్ అను సులభోపాయము దొరకినది. పులి మనస్సులో చేయిపెట్టి చూచువాడు మనకు లేడు.

అంతకంటె కఠినమైన ప్రశ్న ముగింపున నున్నది. గ్రుడ్లు పొదిగి, పిల్లలు రాతిని తొలుచుకొనుచు పోవుననియు, ఆ సొరంగములలో బయటపడు ఖనిజమును పనివారు ఏరుకొనవచ్చుననియు ఒడంబడిక కుదురును. గనివారు ధనవంతులగుదురు, అందరును నవ్వుదురు. గ్రహము హోర్టాలది. వారికి దొరకినది తమ యింట తాము బ్రతుకుటకు అనుమతి మాత్రమే. తల్లిని చంపకుండుటకు న్యాయము చాలలేదు, లాభము తోడు రావలసి వచ్చెను. ఆ తల్లివలన గనికి ఎట్టి లాభమును లేకయున్నచో ఒడంబడిక కుదిరెడిదేనా? గనులకొరకు పొలములను, ఊళ్లను విడిచిన వారిని ఎరిగియున్న మనకు ఈ సందేహము కలుగక మానదు. రచయిత దీనిని అడుగలేదు. అయినను, అడుగుటకు వలసిన సామగ్రినంతయు మన యెదుట నుంచెను. ఏబది నిమిషముల వినోదమునుండి ఇంతకంటె ఎక్కువ కోరుట న్యాయము గాదేమో.

ఇది నచ్చినవారు పిదప 1966 డిసెంబరు 15వ తేదీ నాటి 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్' చూడవలెను. ఎన్నడును కన్నులతో చూడని శత్రువుల ముఖము మొదటిసారి తెరపై కనబడును. అది స్పాక్ ముఖమును బోలియుండును. ఆ క్షణమునుండి తోటి యుద్యోగి యొకడు ఆతనిని ద్రోహిగా అనుమానించును. అదే యోడలో సులు పాత్రను ధరించిన జార్జి టకేయి, జపాను సంతతివాడైనందున రెండవ ప్రపంచ యుద్ధకాలమున బాల్యములోనే కుటుంబముతో అమెరికా నిర్బంధ శిబిరములలో నుండవలసి వచ్చెను. ఈ సంగతి ఎరిగి చూచుట మంచిది. మూడవదిగా, హార్లన్ ఎలిసన్ రచించిన 'ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్'. 1967 ఏప్రిల్ 6వ తేదీన ప్రసారమై, మరుసటి యేట హ్యూగో బహుమానము నందినది. దాని కథను నేను చెప్పను. మూడవ సంవత్సరపు మొదటి భాగమైన 'స్పాక్స్ బ్రెయిన్' జోలికి పోకుండుట క్షేమము.

ఇంట ఇంగ్లీషు రాని పెద్దలున్నచో వారిని వేరుగా కూర్చుండబెట్టవలదు. పిల్లలలో నొకరు ప్రక్కన కూర్చుండి కథను తెలుగున చెప్పుచుండవలెను. గనిని గూర్చి పెద్దలు చెప్పు తప్పులను ఓపికతో వినవలెను, అవి నిజమగు తప్పులే. స్పాక్ ఆ రాతి దేహముపై చేతులుంచు ఘట్టమున మాత్రము చెప్పువారు ఊరకుండుట మేలు. అచట నిమాయ్ గొంతు చాలును.