ఏఈ86ను కొలిచే పద్ధతి

పాత స్పోర్ట్స్ కారుకు వెల కట్టేవాళ్లు ముందుగా మూడు విషయాలు చూస్తారు: ఎంత వేగంగా పోతుంది, ఎన్ని మిగిలాయి, ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి రూపం ఎంతవరకు నిలిచింది. ఫెరారీకి ఈ లెక్క సరిపోతుంది. ఎనభైలనాటి టొయోటా ఏఈ86కు సరిపోదని నా అభిప్రాయం. అది వేగానికి పేరు మోసిన కారు కాదు, కొద్దిమంది సంపన్నుల కోసం తయారైందీ కాదు. ఇక ఫ్యాక్టరీ రూపంలో ఉన్నది వెతికినా దొరకడం కష్టం. మామూలు జీతగాడు కొనుక్కుని, విప్పి, పాడుచేసి, మళ్లీ బాగుచేసుకోగల కారుగా అది పుట్టింది. ఆ గుణం ఎంత మిగిలిందన్నదే ఈనాడు దాన్ని బేరీజు వేయడానికి మొదటి ప్రశ్న కావాలి.

దాని పుట్టుకే ఇందుకు సాక్ష్యం. 1983లో ఐదో తరం కొరోలా వచ్చినప్పుడు సెడాన్లు ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కు మారాయి. లోపల చోటు పెరుగుతుంది, బరువు తగ్గుతుంది, ఖర్చు కలిసొస్తుంది. అదే ఏడాది చివర మన రోడ్లెక్కిన మారుతి 800ది కూడా ఈ పద్ధతే. కానీ ఏఈ86గా పేరుపడ్డ లెవిన్, ట్రూనో అనే రెండు కూపేల విషయంలో టొయోటా పాత అమరికనే కొనసాగించింది: ఇంజిన్ ముందు, నడిపించే చక్రాలు వెనక, వాటి మధ్య అప్పటికే పాతబడిన సాలిడ్ యాక్సిల్. కొత్త సస్పెన్షన్ కోసం డబ్బు పోయకుండా ఉన్నదాన్నే వాడుకున్న పొదుపు ఇందులో కనిపిస్తుంది. అలా ఖర్చు తగ్గించిన కారుకు 4ఏ-జీఈ అనే మంచి ఇంజిన్ తగిలించారు. 1587 సీసీ, రెండు క్యామ్‌షాఫ్ట్‌లు, 16 వాల్వులు, అప్పటి జపాన్ గ్రాస్ లెక్కలో 130 హార్స్‌పవర్. కారు బరువు టన్నుకు లోపే. 16 వాల్వుల ట్విన్ క్యామ్ ఇంజిన్‌ను కొరోలా ధరల స్థాయికి దించడం ఆ రోజుల్లో చిన్న పని కాదు.

అయినా అంతకన్నా మెరుగైన కార్లు అప్పుడే ఉన్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నాయి. 1984లో టొయోటాయే ఇదే ఇంజిన్‌ను సీట్ల వెనక అమర్చి ఎంఆర్2 తెచ్చింది. హోండా సీఆర్-ఎక్స్ ఇంకా తేలిక, శక్తి కూడా కాస్త ఎక్కువే. 1989 నాటి స్కైలైన్ జీటీ-ఆర్ పక్కన పెడితే ఏఈ86 ఎక్కడో వెనకబడిపోతుంది. మలుపు మధ్యలో గతుకు తగిలితే వెనక యాక్సిల్ ఎగిరిపడుతుంది, అదీ నిజమే. వీటిలో దేన్నీ నేను కాదనను. కానీ ఆ వెనకబాటు నేర్చుకునేవాడికి ఏమిచ్చిందో చూడండి. టైర్ల పట్టు తప్పేది భయపెట్టే వేగంలో కాదు. తప్పుతున్న సంగతి సీటులోంచి, స్టీరింగ్‌లోంచి ముందే తెలుస్తుంది. సరిదిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఎంఆర్2 లాంటి మిడ్ ఇంజిన్ కారు హద్దు దాటితే ఒక్కసారిగా తిరిగిపోతుంది. అనుభవం లేని చేతులకు అది కఠినమైన కారు. శక్తి తక్కువ కాబట్టి ఏఈ86లో వేగం నిలుపుకోవాలంటే బ్రేకు, గేరు, స్టీరింగ్ మూడూ సమయానికి పడాలి. ఇంజిన్ బలం డ్రైవరు తప్పుల్ని కప్పిపుచ్చదు.

దీని పేరంతా కామిక్స్ పుణ్యమేనని మరో ఆక్షేపణ. ఈ కారు చుట్టూ తిరిగే షిగెనో షుయిచి కామిక్ ‘ఇనీషియల్ డి’ 1995లో మొదలైంది. ఆ తర్వాత ధరలు పెరగడంలో దాని పాత్ర పెద్దదే, మన కుర్రాళ్లలో చాలామందికి ఈ కారు పరిచయమైందీ దాని అనిమే రూపం వల్లనే. కానీ అంతకు ముందే, 1986, 1987లలో వరసగా క్రిస్ హాడ్జెట్స్ ఈ కారుతో బ్రిటిష్ సెలూన్ కార్ చాంపియన్‌షిప్ గెలిచాడు. అక్కడ పాయింట్లు తరగతులవారీగా ఇచ్చేవారు కాబట్టి పెద్ద ఇంజిన్ల కార్లను ముఖాముఖి ఓడించిందని అనడం లేదు. తన తరగతిలో గట్టి కారని మాత్రం ఆ టైటిళ్లు చెబుతాయి. జపాన్ కొండదారుల్లో డ్రైవరు త్సుచియా కెయిచి దీన్ని నడిపి డ్రిఫ్టింగ్‌కు పేరు తెచ్చిందీ ఎనభైలలోనే. పేరు ముందు వచ్చింది, కథ తర్వాత వచ్చింది.

ఇక ఎదురుగా ఉన్న కారును చూడటం. వెనక చక్రాల పైనుండే రేకు వంపులు, తలుపుల కింది అంచులు, డిక్కీ చుట్టూ ఉన్న రేకు ముందు చూడాలి. తుప్పు పట్టిన బాడీని నిలబెట్టడం ఇంజిన్ మార్చడం కంటే ఎన్నో రెట్లు కష్టం. సీట్లు మారాయా, చక్రాలు మారాయా అన్నది నా దృష్టిలో చివరి విషయం. మార్చుకోవడం కోసమే కొన్న కారును మారిందని తక్కువ చేయడం అన్యాయం. ఒకే క్యామ్‌షాఫ్ట్ ఉన్న 1.5 లీటర్ల తమ్ముడు ఏఈ85ను ఏఈ86గా మార్చి అమ్మే సంగతి తెలిసిందే. చాసిస్ నంబరు దాచి అమ్మితే అది మోసం, అందులో సందేహం లేదు. చెప్పి అమ్మితే, బ్రేకులు, యాక్సిల్, ఇంజిన్ అన్నీ సక్రమంగా మార్చి ఉంటే, దాన్ని నకిలీ అని నేను అనను.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ధర గురించి. మామూలు జీతగాడికి ఇప్పుడిది అందదు, మరి ఆ గుణం ఎక్కడ మిగిలిందని అడిగితే సగం ఒప్పుకోవాలి. కొనడం అందదు, నిజం. బాగుచేసుకోవడం ఇంకా అందుతుంది. 2021లో టొయోటా ఈ కారుకు స్టీరింగ్ నకిల్ ఆర్మ్, వెనక బ్రేక్ క్యాలిపర్ లాంటి భాగాలను మళ్లీ తయారు చేస్తామని ప్రకటించింది. 2023లో టోక్యో ఆటో సలోన్‌లో ఏఈ86ను ఎలక్ట్రిక్‌గా మార్చి చూపించింది: మోటారు టండ్రా ట్రక్కుది, బ్యాటరీ ప్రియస్‌ది, చేతితో వేసే గేర్‌బాక్స్ జీఆర్86ది. పెట్రోలు వాసన లేని ఏఈ86 ఏమిటని అభిమానులు నొచ్చుకుంటే అర్థం చేసుకోగలను. నా కొలత ప్రకారం మాత్రం ఇతర కార్ల భాగాలు తెచ్చి, క్లచ్ తీసేయకుండా, ఇంకా నడవడానికి సిద్ధం చేసిన ఆ కారు, గాజు గదిలో మైలేజీ పెరగకుండా దాచిన ట్రూనో కంటే అసలైన ఏఈ86.