టీ రంగు పట్టించుకున్న పెద్దమనిషి

జేఆర్డీ టాటా గారు పోయింది 1993లో. ఎయిరిండియాలో ట్రేలు మోసిన నాకు, కప్పు అంచున మరక కనిపిస్తే ఇప్పటికీ ఆయనే గుర్తొస్తారు. 1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి బొంబాయి జుహూకి ఉత్తరాల మూటలు స్వయంగా విమానం నడిపి తెచ్చిన మనిషి. అక్కణ్ణుంచి బళ్లారి మీదుగా మద్రాసు చేర్చింది మిత్రుడు నెవిల్ విన్సెంట్. ఇదంతా అందరూ చెప్పేదే. నాకు ముఖ్యం ఆయన చీటీలు. ప్రయాణం చేసొచ్చి రాసి పంపేవారు: కర్టెన్ బాగాలేదని, టీ, కాఫీ రెండూ ఒకే రంగులో ఉన్నాయని. ఒళ్లు మండేది, నిజం చెప్పొద్దూ! కానీ కౌంటర్ మీద దుమ్ముంటే తానే గుడ్డ తెప్పించుకుని తుడిచారని పేరున్న చైర్మన్‌కి ఏం ఎదురు చెబుతాం? 1982లో, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, కరాచీ నుంచి అదే దారిలో మళ్లీ ఒంటరిగా ఎగిరొచ్చారు. అప్పటికి ఆయన్ని ఎయిరిండియా చైర్మన్ కుర్చీ నుంచి దింపేసి నాలుగేళ్లు దాటింది.