ఫాన్సీ, ఇమాజినేషను: తెలుగు విమర్శలో ఒక తీర్పు

“ఇది భావన కాదు, వట్టి ఊహ” అను మాట తెలుగు కావ్యవిమర్శలో తఱచుగా వినవచ్చును. ప్రబంధకవుల వర్ణనలను త్రోసిపుచ్చుటకు ఈ ఒక్క వాక్యము చాలునని తలచువారు కలరు. దీనికి ఉపపత్తి చూపవలెనన్న శంక పలువురు పరిశోధక విద్యార్థులకు పొడకట్టుటయే లేదు. ఈ రెండు మాటలును ఆంగ్లమునందలి ఇమాజినేషను, ఫాన్సీ అను పదములకు ఛాయలు. ఆ పదముల చరిత్ర తెలియనిదే తీర్పు నిలువదు.

మొదట వానికి భేదమే లేదు. గ్రీకు పదమైన ‘ఫాంటసియా’ కుంచించుకొనిపోగా ఏర్పడినది ఫాన్సీ. ఆ గ్రీకు పదమునకే లాటిను పండితులు చేసిన అనువాదము ఇమాజినేషనుకు మూలము. 1712లో అడిసను ‘స్పెక్టేటరు’ పత్రికలో ఈ రెంటిని భేదము పాటింపక వాడుదునని స్పష్టముగా చెప్పెను. 1755 నాటి జాన్సను నిఘంటువులో ఫాన్సీకి ఇమాజినేషను అనియే అర్థము. వీనిని పట్టుదలతో విడదీసినవాడు కోల్రిడ్జి. 1817లో వెలువడిన ‘బయొగ్రాఫియా లిటరేరియా’ అందులకు ఆధారగ్రంథము.

ఆయన మతమున ఫాన్సీ, రూపు స్థిరపడిన వస్తువులను స్మృతినుండి తీసి, దేశకాలముల కట్టు విప్పి, ప్రక్కప్రక్కన కూర్చును. కూర్చిన పిదపను అవి ఎప్పటి వస్తువులే. ఇమాజినేషను వానిని కరగించి క్రొత్త యేకత్వమును సాధించును. ఇందుకు ఆయన లియరు రాజును చూపినాడు. తుపానులో పిచ్చివాని వేషముననున్న ఎడ్గరును చూచి లియరు, వీనిని ఈ గతికి తెచ్చినది వీని కూతుళ్లా అని అడుగును. ఎడ్గరుకు కూతుళ్లు లేరు! అక్కడ పోలికను ఎవరును వెదకి తేలేదు. ఒక్క దుఃఖము కన్నులయెదుటి లోకమునంతను తనలోనికి లాగికొన్నది. విక్రమోర్వశీయము నాలుగవ అంకమున పురూరవుడు మేఘమును చూచి ఊర్వశిని అపహరించు రాక్షసుడని భ్రమపడుటయు ఈ జాతిదే.

ఇక వసుచరిత్రలోని నాసికావర్ణనము. తుమ్మెద తన్నొల్లదని అలిగిన సంపెంగ తపస్సుచేసి నాయిక ముక్కుగా పుట్టినదట. తుమ్మెదలవంటి చూపులను ఇరువైపుల పొందినదట. (ఈ పద్యమును భట్టుమూర్తి నంది తిమ్మనవద్ద కొన్నాడను కథయు కలదు. కొనదగినదేయని నా యభిప్రాయము.) సంపెంగయు, తుమ్మెదయు, ముక్కును, మూడును కవిసమయమున సిద్ధముగానున్నవే. పూవు అలుకయందు ఒక క్షణము మానవహృదయము మెఱసినది గాని వర్ణన ముగియులోగా అది చల్లాఱినది. కావున ఇది ఫాన్సీ. అయితే ఆ నిర్ణయమునకు హేతువు ఉత్ప్రేక్ష కాదు. ఉత్ప్రేక్ష కనబడినంతనే ‘ఊహ’యని వ్రాయువారు అలంకారమును చూచుచున్నారు గాని మనోవ్యాపారమును చూచుటలేదు.

అనువాదమున మఱియొక చిక్కు. భావన మీమాంసకుల పారిభాషికపదము. భట్టనాయకుని భావకత్వము విభావాదులను సాధారణీకరించునది. సామాజికుని రసాస్వాదమునకు మార్గము. కోల్రిడ్జి చెప్పినదో కవియొక్క శక్తి. మన ప్రతిభ దానికి దగ్గఱది. కాని మమ్మటుడు గాని జగన్నాథుడు గాని దానిని ఈ విధముగా రెండుగా చీల్చలేదు. ఊహయన్నచో తెలుగువానికి స్ఫురించునది అంచనా. కల్పనయన్నచో అబద్ధపు వాసన. ఫాన్సీయను ఆంగ్లపదమే మన వీధులలో గాజులు, రిబ్బనులు అమ్ము దుకాణమునకును, వేలములో కొనుక్కొను బండి నంబరుకును పేరైనది. ఈ చులకన అంతయు విమర్శలోనికి తెలియకుండ ప్రవేశించుచున్నది.

కోల్రిడ్జికి ఆ చులకన లేదు. ఇమాజినేషనుకు ఫాన్సీ తోడు కావలయుననియు, పైశక్తి క్రిందిశక్తి ద్వారముననే పనిచేయుననియు ఆయన తన సంభాషణలలో చెప్పియున్నాడు. భట్టుమూర్తి పద్యము ఫాన్సీయే యని నిర్ణయించిన పిమ్మట, అది ఫాన్సీగా ఎంత నేర్పుగలది అను ప్రశ్న మిగిలియే యుండును. ఆ ప్రశ్నకు బదులు వ్రాసిన వ్యాసములు నాకు అరుదుగా కనబడినవి.