లేజరు కోత - కృత్రిమ కటకము: ఒక విమర్శ

కంటిశుక్లమును లేజరుతో తీసినచో కృత్రిమ కటకము చక్కగా కుదురుకొనుననియు, కావున చూపు మెరుగుగా నుండుననియు పలువురి నమ్మకము. ఇది యెంతవరకు నిజము?

కటకము స్థానము ముఖ్యమనుటలో సందేహము లేదు. 1949లో లండనులో హారొల్డ్ రిడ్లీ తొలిసారిగా కంటిలో నమర్చిన కృత్రిమ కటకము బరువైనది. అట్టివి కొందరి కండ్లలో చోటు తప్పెను. కటకము అనుకొన్న చోటికి ముందునకు జరిగినచో హ్రస్వదృష్టి, వెనుకకు జరిగినచో దీర్ఘదృష్టి కలుగును. కార్నియా వంపులోని అసమానతను సవరించు టోరిక్ కటకము 10 డిగ్రీలు తిరిగినచో సవరణలో సుమారు మూడవ వంతు నష్టమగును. 30 డిగ్రీలు తిరిగినచో ఫలితమే యుండదు.

మరి లేజరు చేయు పని యేమి? సహజ కటకము పలుచని సంచిలో నుండును. ఆ సంచి ముందుగోడకు వైద్యుడు చేతితో గుండ్రని ద్వారము చేసి, మసకబారిన కటకమును అతిధ్వని తరంగములతో ముక్కలుచేసి పీల్చివేసి, ఆ సంచిలోనే క్రొత్త కటకము నుంచును. 2008లో బుడాపెస్టులో జోల్తాన్ నాజ్ ఈ చికిత్సలో ఫెమ్టోసెకండు లేజరును ప్రవేశపెట్టెను. ద్వారము చేయుట, కటకమును చీల్చుట దాని పనులు. ముక్కలను పీల్చుటయు, క్రొత్త కటకమును నిలుపుటయు నేటికిని వైద్యుని చేతిపనియే. కనుక లేజరే శుక్లమును తీసివేయుననుట సరికాదు.

ద్వారము గుండ్రముగా నున్నంత మాత్రమున కటకము కుదురుగా నుండునని చెప్పవీలులేదు. ముందుగా కంటిని కొలిచిన తీరు, సంచి పరిమాణము, గాయము మానునపుడు సంచి ముడుచుకొను విధము కూడ స్థానమును నిర్ణయించును.

ఫ్రాన్సులో ఐదు విశ్వవిద్యాలయ ఆస్పత్రులలో 909 మందిపై ఈ రెండు పద్ధతులను పోల్చి, 2020లో ఫలితములు ప్రకటించిరి. ఎవరికే పద్ధతి జరిగినదో రోగులకు తెలియనీయలేదు. చూపు, కటక శక్తిలో దోషము మున్నగువాని నన్నిటిని కలిపి చూడగా సఫలత లేజరుతో నూటికి 41.1, చేతితో 43.6. ఈ స్వల్పభేదము లెక్కింపదగినది కాదు. ఖర్చు మాత్రము లేజరుకే అధికము.

కోత కచ్చితముగా నుండుట వేరు, చూపు మెరుగగుట వేరు. మొదటిదానిని కొలిచి రెండవది సిద్ధించినదనుట శాస్త్రపద్ధతి కాదు. సామాన్యమైన శుక్లమునకు లేజరు ఖర్చు భరింపలేని కుటుంబము, తమవారికి తక్కువ చూపు ప్రాప్తించినదని చింతిల్ల నక్కరలేదు.