5.6 విమర్శనాత్మక పరిశీలన: స్థిరత్వమా, బాధ్యతా?

పార్లమెంటరీ తరహా ప్రభుత్వంలో బాధ్యత ఎక్కువ, స్థిరత్వం తక్కువ. అధ్యక్ష తరహాలో స్థిరత్వం ఎక్కువ, బాధ్యత తక్కువ అని గత భాగాల్లో చదివారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ పరిషత్తులో డాక్టర్ అంబేద్కర్ చేసిన వాదన సారాంశం కూడా ఇదే. ముసాయిదా రాజ్యాంగం స్థిరత్వం కంటే బాధ్యతకే ప్రాధాన్యమిచ్చిందని ఆయన వివరించారు. ఈ సూత్రం ఆచరణలో ఎంతవరకు నిలిచిందో 1999లో జరిగిన రెండు ఓటింగుల ద్వారా పరిశీలిద్దాం.

మొదటిది మన లోక్‌సభలో జరిగింది. అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకోవడంతో ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షను ఎదుర్కొంది. అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు వచ్చాయి. 13 నెలల ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. అప్పటి స్పీకర్ కోనసీమకు చెందిన అమలాపురం సభ్యుడు జి.ఎం.సి. బాలయోగి. ఆయన పార్టీ తెలుగుదేశం ప్రభుత్వాన్ని బలపరచింది. ఆయన సాధారణ సభ్యుడై పార్టీతోపాటు ఓటు వేసి ఉంటే ఓట్లు సమానమయ్యేవి. కాని 100వ అధికరణ ప్రకారం ఓట్లు సమానమైనప్పుడే స్పీకర్‌కు నిర్ణాయక ఓటు ఉంటుంది. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీగా ఉన్న గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అనే వివాదాన్ని బాలయోగి ఆయన విచక్షణకే వదిలారు. గమాంగ్ వ్యతిరేకంగా ఓటు వేశారు.

రెండవది అంతకు రెండు నెలల ముందు, ఫిబ్రవరి 12న, అమెరికా సెనేట్‌లో జరిగింది. అధ్యక్షుడు క్లింటన్ అభిశంసనపై ఒక అభియోగంలో ఓట్లు 50–50గా చీలాయి. రెండవదానిలో దోషి అన్నవారు 45 మందే. తొలగింపుకు 67 ఓట్లు కావాలి కనుక ఆయన పదవిలో కొనసాగారు. ప్రధానిని దించడానికి సభ విశ్వాసం పోతే చాలు. అధ్యక్షుడిని దించడానికి తీవ్రమైన నేరం రుజువు కావాలి. ఇంతవరకు సూత్రం సరిపోయింది.

ఇప్పుడు సభ్యుల వైపు నుంచి చూడండి. సెనేట్‌లో పదిమంది రిపబ్లికన్లు ఒక అభియోగంపై తమ పార్టీతో విభేదించి ఓటు వేశారు. వారి పదవులకు చట్టపరమైన ముప్పు లేదు. మన దేశంలో 1985 నాటి 52వ సవరణ తరువాత విప్‌ను ధిక్కరించిన సభ్యుడు సభ్యత్వాన్నే కోల్పోవచ్చు. ఏప్రిల్ 17న పార్టీ మాట కాదన్న నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్‌ను పార్టీ బహిష్కరించింది. ఫిరాయింపులను అరికట్టడం అవసరమే. కాని సభ్యులు పార్టీ ఆదేశాన్ని దాటలేకపోతే, 75వ అధికరణ చెప్పిన సమష్టి బాధ్యత లోక్‌సభకు కాక పార్టీ నాయకత్వానికి చెందుతుంది.

అస్థిరతకు మూల్యం కూడా ఉంది. 1996, 1998, 1999లలో మూడు సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. కార్గిల్ యుద్ధకాలంలో దేశంలో ఉన్నది ఆపద్ధర్మ ప్రభుత్వమే. అయినా పాలనా యంత్రాంగం, సైన్యం, ఎన్నికల సంఘం తమ పని చేశాయి. ప్రభుత్వ అస్థిరతను రాజ్య అస్థిరతగా భావించరాదు.

కాబట్టి ఏ తరహా మేలైనదనే ప్రశ్నకు సమాధానం రాసేటప్పుడు లాభనష్టాల పట్టికతో ఆపకండి. ఆ వ్యవస్థలో సభ్యుడు స్వేచ్ఛగా ఓటు వేయగలడా అని కూడా అడగండి. బాధ్యతకు అసలు కొలత అదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

విశ్వాస తీర్మానంపై మాత్రమే విప్ వర్తించి, మిగిలిన ఓటింగులలో సభ్యులకు స్వేచ్ఛ ఇస్తే మన వ్యవస్థలో బాధ్యత పెరుగుతుందా? మీ నియోజకవర్గ ప్రతినిధిని దృష్టిలో ఉంచుకొని పది పంక్తులలో చర్చించండి.