ఎవరూ తాగని షెర్రీ

దక్షిణ స్పెయిన్‌లోని హెరెస్ షెర్రీ వైన్‌కు పుట్టిల్లు. ఆ ఊరి పీపాల కార్ఖానాల్లో కొత్తగా బిగించిన ఓక్ పీపాల నిండా షెర్రీ పోసి ఏడాదో, రెండేళ్లో ఉంచుతారు. తర్వాత తోడేస్తారు. ఆ వైన్ ఎవరి గ్లాసులోకీ రాదు. దానితోనే ఇంకో పీపాను నానబెడతారు, చివరికి వెనిగర్ చేస్తారు, లేదా బట్టీ పెట్టి సారా తీస్తారు. వాళ్లకు కావలసింది వైన్‌ను పీల్చుకున్న చెక్క. ఖాళీ అయిన పీపా ఓడెక్కి స్కాట్లండ్ చేరుతుంది. అక్కడ అందులో నీళ్లలా తెల్లగా ఉండే కొత్త సారా నింపి పన్నెండేళ్లు, పద్దెనిమిదేళ్లు, ఒక్కోసారి పాతికేళ్లు కదలకుండా పడుకోబెడతారు. మకాలన్, గ్లెన్‌ఫార్క్లాస్, గ్లెన్‌డ్రోనాక్ లాంటి విస్కీల పేరుప్రతిష్ఠల్లో పెద్ద వాటా ఆ పీపాదే.

ఇవాళ ఇంత ఖర్చుతో నడుస్తున్న ఈ పద్ధతి పుట్టింది మాత్రం పొదుపులోంచే. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో డబ్బున్న ఇళ్లలో షెర్రీ లేని భోజనాల బల్ల ఉండేది కాదు. సరుకు పీపాలతోనే బ్రిస్టల్, లండన్, ఎడిన్‌బరో పక్కనున్న లీత్ రేవుల్లో దిగేది. సీసాల్లోకి పట్టడం అక్కడే. ఖాళీ పీపాలను మళ్లీ స్పెయిన్‌కు పంపితే ఓడ కిరాయి దండగ. విస్కీ వ్యాపారులకేమో గట్టి పాత్రలు కావాలి. చవగ్గా వచ్చాయని కొన్నారు. కొన్నేళ్ల తర్వాత చూస్తే విస్కీకి ఎర్రటి రంగు, ఎండుద్రాక్ష తీపి, మసాలా వాసన పట్టాయి. ఆవకాయ అయిపోయిన జాడీలో వేడన్నం వేసి కలుపుకు తిన్నవాళ్లకు ఇందులోని కిటుకు వేరే చెప్పక్కర్లేదు.

రుచి మరిగాక పీపాలు చాలలేదు. గ్లాస్గో వ్యాపారి విలియం ఫాప్ లౌరీ 19వ శతాబ్దం చివర్లో మామూలు పీపాలకే వైన్ పట్టించే ఉపాయం కనిపెట్టాడు. ఆ దారిలోనే పాక్సరెట్ అనే చిక్కటి తీపి వైన్ పాకం వాడుకలోకి వచ్చింది. కాస్త పాకాన్ని ఒత్తిడితో చెక్కలోకి ఎక్కించి, మిగిలింది ఒంపేసి విస్కీ నింపేవాళ్లు. ఈ పని 1990 ప్రాంతం వరకూ సాగింది. ఆ తర్వాత నిబంధనలు ఒప్పుకోలేదు. పాతకాలపు షెర్రీ విస్కీల గురించి కళ్లు మూసుకుని తలచుకునే పెద్దలు ఈ సంగతిని సాధారణంగా ఎత్తరు. ఆ మాధుర్యంలో పాకం పాలు ఎంతో ఇప్పుడు ఎవరు తేలుస్తారు?

ఈలోగా షెర్రీ మోజు తగ్గింది. 1980ల్లో, షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో పట్టి ఎగుమతి చేయాలన్న పద్ధతి ఖాయమైంది. పీపాలు రావడం ఆగిపోయింది. అప్పుడు విస్కీ కంపెనీలే హెరెస్ వెళ్లి పీపాలు చేయించుకోవడం, వాటిలో వైన్ నానబెట్టించడం మొదలుపెట్టాయి. 2015 నుంచి హెరెస్ షెర్రీ నియంత్రణ మండలి అలాంటి పీపాలకు ధ్రువీకరణ కూడా ఇస్తోంది. కనీసం ఏడాది నానితేనే ఆ ముద్ర. అంటే ఇప్పుడు సీసా మీద ‘షెర్రీ కాస్క్’ అని ఉంటే, తరాల తరబడి షెర్రీని పండించిన పాత పీపా అని ఊహించుకోకండి. అలాంటి పీపాలను హెరెస్ వాళ్లు సాధారణంగా అమ్ముకోరు. అమ్మినా వాటి చెక్క ఎప్పుడో సారం కోల్పోయి ఉంటుంది. దీన్ని మోసం అనడం నాకు నచ్చదు. తెలిసి చేయించుకున్న పీపాలో నాణ్యత మీద అదుపు ఎక్కువ. పాత రోజుల్లో పీపా ఎలా వస్తే అలా సర్దుకోవలసి వచ్చేది.

అసలు విద్యంతా చెక్కలోనే ఉంది. ఉత్తర స్పెయిన్ అడవుల్లో పెరిగే యూరప్ ఓక్‌లో టానిన్లు ఎక్కువ. లవంగం, దాల్చినచెక్క, ఎండు అంజీరం, నాలుక మీద చిన్న వగరు, ముదురు రంగు దాని నుంచి వస్తాయి. అమెరికా ఓక్ వనిల్లా, కొబ్బరి, మెత్తని తీపి ఇస్తుంది. షెర్రీ పీపాను రెంటిలో దేనితోనైనా చేయవచ్చు కాబట్టే, రెండు షెర్రీ విస్కీలు పక్కపక్కన పెడితే ఒక్కోసారి చుట్టరికమే కనిపించదు. దుంగను చీల్చి చేసిన పలకలను ఆరుబయట ఎండకూ వానకూ నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి వదిలేస్తారు. పచ్చిచేదు పోయేది అలాగే. పలకలను ఇనుప పట్టీల్లో నిలబెట్టి మధ్యలో నిప్పు పెడతారు. వేడికి చెక్క వంగుతుంది, లోపలి పొర దోరగా కాలుతుంది. చెక్కలోని లిగ్నిన్ విడిపోయి వనిల్లా వాసన పుట్టేది అప్పుడే. అమెరికా బర్బన్ విస్కీ పీపాను లోపల బొగ్గయ్యేలా కాలుస్తారు. షెర్రీ పీపాకు అంత మంట అక్కర్లేదు.

ఇక వైన్ చేసే పనేమిటి? కొత్త చెక్కలోని మోటుదనాన్ని అది ముందుగా లాగేసి, తన రుచిని కొంత వదిలి వెళ్తుంది. ఎక్కువగా వాడేది ఒలోరోసో. గాలి తగిలేలా పండించిన, ఆక్రోట్ వాసనతో ఉండే గట్టి షెర్రీ. పెడ్రో హిమెనెజ్ మరో రకం. ద్రాక్షను ఎండలో ఎండబెట్టి తీసిన ఈ వైన్ పాకంలా జారుతుంది. ఈ పీపాల విస్కీకి ఖర్జూరం తీపి. మొదటి గుక్కకు అద్భుతం, రెండో గ్లాసుకు మొహం మొత్తుతుంది. నా ఓటు ఎప్పుడూ ఒలోరోసోకే.

ఎంత మంచి పీపా అయినా లోపల పోసిన సారాలో సత్తువ లేకపోతే అది చెక్కరసమే. ఇక్కడే స్కాట్లండ్ వాళ్ల పనితనం. మకాలన్ రాగి బట్టీలు చాలా చిన్నవి, అందుకే సారా చిక్కగా, జిడ్డుగా దిగుతుంది. 1865 నుంచి గ్రాంట్ కుటుంబం చేతుల్లోనే ఉన్న గ్లెన్‌ఫార్క్లాస్‌లో ఇప్పటికీ బట్టీల కింద నేరుగా మంటే. గ్లెన్‌డ్రోనాక్ 2005 దాకా బొగ్గు మంట మీదే కాచింది. అలాంటి బరువైన సారా 500 లీటర్ల పెద్ద షెర్రీ పీపాలో ఏళ్ల తరబడి ఉన్నా తన గొంతు పోగొట్టుకోదు. మట్టినేల ఉన్న రాతి గోదాముల్లో ఏటా సుమారు రెండు శాతం ఆవిరైపోతుంది. పదిహేనేళ్లకు పావు పీపా గాలిలో కలిసినట్టే. మన బెంగళూరులో అమృత్ వాళ్లు కూడా షెర్రీ పీపాలు తెప్పించి మాల్ట్ విస్కీ పండిస్తున్నారు. అక్కడి వేడికి ఆవిరయ్యే వాటా స్కాట్లండ్‌కు అయిదారు రెట్లు, అందుకే పదిహేనేళ్లు ఉంచడం చాలా అరుదు. కానీ నాలుగైదేళ్లలోనే రంగు, రుచి వచ్చేస్తాయి.

అడ్డదారి కూడా ఒకటుంది. బర్బన్ పీపాలో పండిన విస్కీని చివరి కొన్ని నెలలు షెర్రీ పీపాలోకి మార్చడం. డేవిడ్ స్టీవర్ట్ చేతిలో రూపుదిద్దుకుని 1993లో వచ్చిన బాల్వెనీ డబుల్‌వుడ్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. అది చక్కని విస్కీయే. దాన్ని చూసి వాతలు పెట్టుకున్న వాటిలో చాలావాటికి షెర్రీ పైపూతగానే ఉంటుంది, తాగాక నిలవదు.

లోపాలూ ఉన్నాయి. ఖాళీ పీపా పాడవకుండా లోపల గంధకం వెలిగించే అలవాటు వల్ల కొన్ని సీసాల్లో అగ్గిపుల్ల గీసిన వాసన, ఉడికిన కోడిగుడ్డు వాసన వస్తాయి. కొందరికి అది తెలియదు, కొందరు భరించలేరు. రంగు చూసి మోసపోవడం ఇంకో ప్రమాదం. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి నలుపెక్కిన విస్కీ అంతా షెర్రీ పీపాది కాదు. రంగు కలపని కంపెనీలు సాధారణంగా ఆ మాట సీసా మీదే రాస్తాయి.

ధర దగ్గర నాకు మకాలన్‌తో పేచీ ఉంది. 1926లో కాచి, 263వ నంబరు షెర్రీ పీపాలో అరవై ఏళ్లు ఉంచి, 1986లో నలభై సీసాలు నింపారు. వాటిలో ఒకటి 2023 నవంబరులో లండన్ సోథెబీస్ వేలంలో ఇరవై లక్షల పౌండ్లు దాటింది. అలాంటి కీర్తి మామూలు పన్నెండేళ్ల సీసా ధరనూ పైకి లాగుతుంది. అదే డబ్బుకు నేనైతే గ్లెన్‌ఫార్క్లాస్ 15 తీసుకుని చిల్లర వెనక్కి తెచ్చుకుంటాను. పొడిగా, గంభీరంగా, ఆక్రోట్, నారింజ తొక్క రుచులతో ఉంటుంది. ఘాటు కావాలంటే నీళ్లు కలపకుండా పీపా బలంతోనే సీసాలో పట్టే అబెర్లౌర్ అబునా. తీపి కావాలంటే గ్లెన్‌డ్రోనాక్ 12. పొగవాసన విస్కీలకు పేరున్న ఐలా దీవిలో పుట్టినా ఆ వాసన లేని బున్నహావెన్ 12లో షెర్రీతో పాటు సముద్రపు ఉప్పదనం తగులుతుంది.

మన దేశంలో 2025లో స్కాచ్ మీద దిగుమతి సుంకం 150 శాతం ఉండేది. ఆ ఏడాది జూలైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం దాన్ని ముందు 75కు, పదేళ్లలో 40కి దించుతుంది. రాష్ట్ర పన్నులు వేరే. అందాకా మనవాళ్లకు విదేశాల నుంచి వచ్చే బంధువు డ్యూటీ ఫ్రీ సంచే దిక్కు, అదీ మనిషికి రెండు లీటర్లే.

అలా చేతికొచ్చిన సీసాను సోడాతో, కారంకారం చికెన్ వేపుడు మంచింగ్‌తో ఖాళీ చేయకండి. మూతి సన్నగా ఉన్న గ్లాసులో కొంచెం పోసి, పది నిమిషాలు ఆగి, వాసన చూసి, అర చెంచా నీళ్లు కలపండి. పక్కన వేయించిన బాదం చాలు. మూత తీసిన సీసాను ఎండ తగలని చోట నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది.